కలలో నీలాపనింద: అయినవాళ్ళే వేలెత్తి చూపితే ఆ కలను ఎలా చదవాలి?

పెళ్ళివారిల్లు. బీరువాలో ఉండాల్సిన గొలుసు కనిపించడం లేదు. గదిలోకి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోతాయి, అందరి చూపూ ఒక్కవైపే తిరుగుతుంది. "నువ్వే తీశావు" అంటుంది మేనత్త. "నేను కాదు" అని చెప్పబోతే గొంతు పెగలదు. పక్కనే ఉన్న అమ్మ పెదవి విప్పదు. అక్కడితో మెలకువ వస్తుంది. గుండె దడ తగ్గడానికి మాత్రం ఇంకొంత సేపు పడుతుంది.

ఇలాంటి కలల్లో వివరాలు మారుతుంటాయి. గొలుసు బదులు డబ్బో, పొలం కాగితాలో, ఎవరితోనో సంబంధమో, పెద్దాయన చావుకు కారణమన్న మాటో రావచ్చు. మేనత్త బదులు నాన్న, అన్నయ్య, తోడికోడలు, కట్టుకున్న భర్త కూడా కావచ్చు. చట్రం మాత్రం ఒక్కటే: తప్పు చేయలేదు, అభాండం వేసింది పరాయివాళ్ళు కాదు, సంజాయిషీ వినే దిక్కు లేదు. లేచాక మనసులో మూడు ప్రశ్నలు తిరుగుతాయి. వాళ్ళ మనసులో నిజంగా ఇదే ఉందా? ఇది జరగబోయేదానికి సూచనా? లేక తనలోనే ఏదైనా తప్పు దాగి ఉందా?

క్లుప్తంగా

ఈ కల ఇంటివాళ్ళ మనసులో ఏముందో చెప్పదు, చెప్పగలిగే దారి కూడా దానికి లేదు. కల కన్నవారి మనసులో తెమలకుండా ఉన్న ఏదో భయాన్నో, మింగిన మాటనో, పాత గాయాన్నో అది బొమ్మ కట్టి చూపిస్తుంది. కొన్నిసార్లు కారణం మనసు కూడా కాదు. జ్వరం, మందు, నిద్ర కొరత కావచ్చు. ఏది కారణమో తేల్చడానికి కలలోని నేరం కంటే కలలోని ఉద్వేగమూ, అంతకు ముందు వారం రోజుల సంగతులూ ఎక్కువ పనికొస్తాయి. కలను సాక్ష్యంగా వాడి ఇంటివాళ్ళను నిలదీయడమే ఇందులో జరిగే అతి పెద్ద పొరపాటు.

తెల్లవారుజాము కల వెనక లెక్క

నిద్ర రాత్రంతా ఒకేలా సాగదు. సుమారు 90 నిమిషాలకు ఒకటి చొప్పున నాలుగైదు ఆవృతులుగా నడుస్తుంది. దాదాపు ప్రతి ఆవృతి చివరా మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదిలే దశ ఒకటి వస్తుంది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ 1953లో దీన్ని ప్రకటించారు. రెమ్ నిద్ర అని పిలిచేది దీన్నే. పెద్దవాళ్ళ నిద్రలో ఇది 20 నుంచి 25 శాతం వరకూ ఉంటుంది. మిగతా దశల్లోనూ కలలు వస్తాయి గానీ, మనుషులతో, సంభాషణలతో, ఉద్వేగంతో కథలా సాగే కలలు ఎక్కువగా రెమ్ దశలోవే.

మొదటి ఆవృతిలో రెమ్ దశ కొద్ది నిమిషాలే ఉంటుంది. తెల్లవారేసరికి అదే అరగంటకు, ఒక్కోసారి అంతకు మించి సాగుతుంది. పైగా ఆ దశలోంచి నేరుగా మెలకువ వస్తేనే కల బాగా గుర్తుంటుంది. కల వచ్చిన జామును బట్టి ఫలం చెప్పే పాత లెక్కలో మొదటి జాము కలకు ఏడాది, రెండో జాము కలకు ఆరు నెలలు, మూడో జాము కలకు మూడు నెలలు గడువు. తెల్లవారుజాము కలకు అతి తక్కువ. ఆ కల మిగతావాటికంటే స్పష్టంగా, బలంగా ఉంటుందన్న పరిశీలన సరైనదే. అంత స్పష్టంగా ఉంది కాబట్టి నిజమవుతుందన్న ముగింపుకే ఆధారం లేదు.

ఈ లెక్క తెలిస్తే మరికొన్ని సంగతులు విడిపోతాయి. అమెరికా వేళలకు పనిచేసి ఉదయం ఆరింటికి పడుకునే హైదరాబాద్ ఉద్యోగులకు కళ్ళు మూసిన కొద్దిసేపటికే గాఢమైన కలలు రావడం మామూలే, ఎందుకంటే ఒంట్లోని గడియారం రెమ్ నిద్రను ఎక్కువగా కోరేది ఆ ఉదయపు వేళల్లోనే. వారమంతా ఐదు గంటల నిద్రతో నెట్టుకొచ్చేవాళ్ళు చివరి ఆవృతుల్లోని రెమ్‌ను కోల్పోతారు, ఆదివారం ఆలస్యంగా లేచినప్పుడు ఆ బాకీ తీరుతుంది. మద్యం రాత్రి మొదటి సగంలో రెమ్‌ను అణచివేస్తుంది, రెండో సగంలో అది ఎదురు తిరుగుతుంది. అంటే పండక్కి ఊరెళ్ళి, అర్ధరాత్రి దాకా కబుర్లతో, మద్యంతో గడిపి పడుకున్న మనిషికి తెల్లవారుజామున ఇంటివాళ్ళతో గొడవ కల వస్తే, దాని వెనక బంధుత్వం కంటే నిద్ర లెక్కే ఎక్కువ కావచ్చు.

సాక్ష్యం ఏదని ఎవరూ ఎందుకు అడగరు?

ఈ కలలో వింతైన విషయం నింద కాదు, ఆ నిందను అందరూ వెంటనే నమ్మేయడం. గొలుసు ఎప్పుడు పోయింది, ఎవరు చూశారు అని అడిగేవాళ్ళే ఉండరు. కాసేపటికి కల కంటున్న మనిషికే "ఏమో, తీశానేమో" అనిపిస్తుంది. దీనికి కారణం మెదడు నడిచే తీరులో ఉంది. 1990లలో మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపే పెట్ స్కాన్‌తో చేసిన పరిశోధనల్లో, రెమ్ నిద్ర సమయంలో భయానికి, ఉద్వేగానికి కేంద్రమైన అమిగ్డలా చురుగ్గా ఉన్నట్టు, తర్కాన్ని, తూచి చూడడాన్ని నడిపే నుదుటి వెనక భాగాలు మందగించినట్టు తేలింది. ఫిర్యాదుదారు గొంతు చించుకుంటున్నాడు, న్యాయమూర్తి కుర్చీ ఖాళీగా ఉంది. తీర్పు అలా కాక మరోలా ఎలా వస్తుంది?

గొంతు పెగలకపోవడానికీ శరీరంలో ఒక ఆనవాలు ఉంది. రెమ్ దశలో ఊపిరి తీసే డయాఫ్రమ్, కనుగుడ్లను తిప్పే కండరాలు తప్ప ఒంట్లోని కండరాలు దాదాపుగా సడలిపోతాయి. కలలో పరుగెత్తితే నిజంగా లేచి పరుగెత్తకుండా ఆపే ఏర్పాటు ఇది. అరవాలనుకున్నా అరుపు రాకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావిస్తారు. కాబట్టి "కలలో నోరు పెగల్లేదు, అంటే జీవితంలో నన్ను నేను కాపాడుకోలేను" అన్న అర్థం తీసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. నోరు పెగలనిది శరీరం వల్లనా, చెప్పినా వినరన్న నిస్పృహ వల్లనా అన్నది ఒక్క కలతో తేలదు. మరికొన్ని కలల్లోనూ, ముఖ్యంగా మెలకువలోనూ అదే నిస్పృహ ఉంటేనే రెండో అర్థానికి బలం.

1977లో అలన్ హాబ్సన్, రాబర్ట్ మెకార్లీ ఇంకాస్త ముందుకు వెళ్ళి, మెదడు కాండం నుంచి వచ్చే క్రమం లేని సంకేతాలకు పైమెదడు కథ అల్లడమే కల అన్నారు. ఆ వాదానికి తర్వాత చాలా సవరణలు వచ్చాయి. అయినా అందులోంచి పనికొచ్చే ఒక జాగ్రత్త మిగిలింది: చాలాసార్లు భయం ముందు పుడుతుంది, దానికి తగిన కథ ఆ తర్వాత దొరుకుతుంది. మేనత్త వల్ల భయం పుట్టిందనే అనుకోనక్కర్లేదు, పుట్టిన భయానికి మేనత్త ముఖం దొరికి ఉండొచ్చు.

నిందించేది ఇంటివాళ్ళే ఎందుకు?

కాల్విన్ హాల్, రాబర్ట్ వాన్ డి కాజిల్ 1966లో అమెరికా కాలేజీ విద్యార్థుల 1000 కలలను వర్గీకరించి ప్రచురించారు. వాటిలో సంతోషం కంటే భయం, కోపం, దుఃఖం లాంటివే ఎక్కువ. తగాదా ఉన్న కలల్లో కల కన్నవారు దాడి చేసేవైపు కంటే దాడికి గురయ్యేవైపే ఎక్కువగా ఉన్నారు. అందువల్ల నిందకు గురైన కల రావడం ఏదో ప్రత్యేకమైన దోషం కాదు, కలలు మామూలుగా ఒరిగే వైపే అది కూడా ఒరిగింది.

ఫిన్లాండ్ పరిశోధకుడు అంట్టి రెవోన్సువో 2000లో ఇచ్చిన వివరణ ప్రకారం, ప్రమాదాలను ముందే సాధన చేయించడం కల చేసే పని. పులి తరమడం ఎలాంటి ప్రమాదమో గుంపు వెలివేయడమూ అలాంటి ప్రమాదమే. తెలుగు కుటుంబంలో ఆ గుంపు ఇల్లే. పరువు, పెళ్ళి సంబంధం, ఆస్తి వాటా, పురిటికి వెళ్ళే పుట్టిల్లు, కష్టంలో అప్పు పుట్టే చోటు, అన్నీ ఆ నలుగురి నమ్మకం మీదే నిలబడి ఉంటాయి. ఊళ్ళో ఎవరో దొంగ అంటే దులుపుకుని పోవచ్చు. అన్నయ్య అంటే పోలేం.

ఈ బరువు ఎంతటిదో వినాయక చవితి నాడు ప్రతి ఇంట్లో చదివే శమంతక మణి కథ చెబుతుంది. ప్రసేనుణ్ణి చంపి మణి కాజేశాడని కృష్ణుడి మీద నింద వేసిన సత్రాజిత్తు ఆ తర్వాత ఆయనకు మామగారయ్యాడు. అంతకంటే పదునైన ఘట్టం భాగవతంలో కాస్త తర్వాత వస్తుంది. సత్రాజిత్తును చంపి మణి ఎత్తుకెళ్ళిన శతధన్వుడు చనిపోయాక మణి అతని దగ్గర దొరకదు. అప్పుడు మణి విషయంలో సొంత అన్న బలరాముడే తన మాట పూర్తిగా నమ్మడం లేదని కృష్ణుడు అక్రూరుడితో చెప్పుకుంటాడు. అక్రూరుడి దగ్గరున్న మణిని బంధువుల ఎదుట చూపించమని అడిగింది అందుకే. నీలాపనింద అన్న మాటకు తెలుగు ఇళ్ళల్లో ఇంత భయం ఉండడానికి ఈ కథకూ చోటుంది. చిన్నప్పటినుంచీ విన్న ఇలాంటి కథలు కలకు ముడిసరుకు అవుతాయి.

మింగిన మాటలదీ పెద్ద పాత్రే. 2004లో డేనియల్ వెగ్నర్ బృందం ఒక ప్రయోగం చేసింది. పడుకునే ముందు ఫలానా మనిషి గురించి ఆలోచించకుండా ఉండమని చెప్పినవాళ్ళకు ఆ మనిషే కలలో ఎక్కువగా వచ్చాడు. "పెద్దవాళ్ళతో వాదన ఎందుకు" అని నోరు నొక్కుకుని, పోనీలే అని పక్కన పెట్టిన మాట రాత్రి తిరిగి రావడానికి ఇది దగ్గరి పోలిక. కోడలు, ఇంట్లో చిన్నవాళ్ళు, వచ్చిపోయే అల్లుడు, అంటే ఎదురు చెప్పే చనువు లేని స్థానంలో ఉన్నవాళ్ళు మింగే మాటలు మరీ ఎక్కువ.

చరకుడి వర్గీకరణ

కలలన్నిటికీ ఫలం ఉంటుందని మన పాత గ్రంథాలు చెప్పాయని చాలామంది అనుకుంటారు. చరక సంహిత ఇంద్రియస్థానం అలా చెప్పలేదు. అది కలలను ఏడు రకాలుగా విడదీసింది: చూసినవి దృష్టం, విన్నవి శ్రుతం, అనుభవించినవి అనుభూతం, కోరుకున్నవి ప్రార్థితం, ఊహించుకున్నవి కల్పితం, రాబోయేదాన్ని చూపేవి భావికం, వాత పిత్త కఫాల వికారంతో వచ్చేవి దోషజం. వీటిలో మొదటి ఐదింటికీ ఫలం లేదని వైద్యుడు చెప్పాలని స్పష్టంగా ఉంది. పగటి నిద్రలో వచ్చినవీ, మరీ పొట్టివీ, మరీ పొడుగువీ కూడా అఫలమే.

ఇంటివాళ్ళు నిందించిన కలను ఈ జల్లెడలో వేసి చూస్తే దాదాపుగా మొదటి ఐదింటిలోనే ఆగుతుంది. పక్కింట్లో జరిగిన గొడవ విన్నది శ్రుతం. చిన్నప్పుడు తమ్ముడి తప్పుకు తిన్న దెబ్బ అనుభూతం. "రేపు నన్నే అంటారేమో" అన్న భయం కల్పితం. జ్వరంలోనో, మందు పడకో వస్తే దోషజం. పగటి సంగతుల శేషం కలలో తిరిగి వస్తుందని 1899 నవంబరులో వెలువడిన ఫ్రాయిడ్ గ్రంథం కూడా చెప్పింది. ఆ ఒక్క విషయంలో ఇద్దరి మాటా ఒక్కటే.

మూలం ఏదో గుర్తుపట్టడం

నిన్నటి సంగతి మూలమైతే కలలో దాని ఆనవాలు పచ్చిగా కనిపిస్తుంది. ఫోన్‌లో అక్క "డబ్బులు ఏం చేశావు" అని మామూలుగానే అడిగి ఉంటుంది, అదే వాక్యం కలలో గర్జనై వస్తుంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన వివరం ఒకటుంది. పగటి సంఘటనలు ఒకటి రెండు రాత్రుల్లో కలలోకి వస్తాయి, కొన్ని ఐదు నుంచి ఏడు రోజుల తర్వాత మళ్ళీ వస్తాయి. నిన్న ఏమీ జరగలేదని కొట్టిపారేసే ముందు పోయిన వారం ఇదే రోజు అటూఇటూ ఏం జరిగిందో చూడాలి. ఈ రకం కల ఒకటి రెండుసార్లతో పోతుంది.

పాత గాయం మూలమైతే కలలో వయసు తగ్గుతుంది, ఇల్లు పాతదవుతుంది. అమ్మేసిన పెంకుటిల్లు, బడి యూనిఫాం, చనిపోయిన తాతయ్య కనిపిస్తారు. నిజంగా ఒకప్పుడు దొంగతనం అంటగట్టబడినవాళ్ళకు, తోబుట్టువుల మధ్య ఎప్పుడూ తామే దోషిగా నిలబడినవాళ్ళకు ఈ కల ఏళ్ళ తరబడి దాదాపు అదే రూపంలో వస్తుంది. కొత్త ఒత్తిడి ఏది వచ్చినా, అది ఆఫీసుదైనా సరే, పాత గదిలోకే తీసుకెళ్ళి నిలబెడుతుంది.

మూడో మూలం ఆత్మనింద. దాన్ని చదవడం కష్టం, తొందరపాటు ఎక్కువగా జరిగేదీ అక్కడే. తనను తాను నిందించుకుంటున్న మనిషికి ఆ నింద ఇంటివాళ్ళ నోట వినిపించవచ్చు. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటూ నాన్న ఆపరేషన్‌కు రాలేకపోయినవాళ్ళకు "ఇంట్లో డబ్బు తీశావు" అన్న కల వస్తే, అక్కడి అసలు నేరం తీసుకోవడం కాదు, ఇవ్వలేకపోవడం. పోయింది డబ్బు కాదు, పక్కన ఉండాల్సిన కాలం. అయితే నింద కల వచ్చిందంటే లోపల తప్పు దాగి ఉన్నట్టేనని సూత్రం కట్టడం తప్పు. దీనికి ఒక పరీక్ష ఉంది. లేవగానే కోపం ముందు వచ్చిందా, సిగ్గు ముందు వచ్చిందా? "ఎంత మాటన్నారు" అన్న కోపమైతే అన్యాయం జరిగిందన్న భావన వైపు చూడాలి. తల దించుకోవాలనిపించే సిగ్గు, దానితోపాటు ఫలానా పని చేయలేదన్న గుర్తు స్పష్టంగా ఉంటేనే ఆత్మనింద వైపు చూడాలి.

ఇంట్లో నిజంగానే గాలి అలా ఉన్నప్పుడు కల కొత్తగా చెప్పేదేమీ ఉండదు. పంపకాల సమయంలో మాటలు తగ్గాయి, కోడలి సంచీ వెతికారు, కుటుంబ వాట్సాప్ గ్రూపులో చాటుమాటు విసుర్లు పడుతున్నాయి. ఇవన్నీ కలకు ముందే ఉన్న సాక్ష్యాలు. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళను చూసుకునే ఇళ్ళను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆ జబ్బులో డబ్బో నగో ఎక్కడో దాచి, దాచిన సంగతి మరిచిపోయి, ఇంట్లోవాళ్ళే తీశారనడం తరచుగా కనిపించే లక్షణం. రోజంతా ఆ మాట పడుతూ సేవ చేసే కూతురికో కోడలికో రాత్రి అదే కల రావడంలో చిక్కుముడి ఏమీ లేదు. వాళ్ళకు కావలసింది కలకు అర్థం చెప్పేవాళ్ళు కాదు, వారంలో ఒకటి రెండు రోజులైనా ఆ పని అందుకునే మరో మనిషి.

ఇక శరీరం. జ్వరం, పడుకునే ముందు కడుపునిండా భోజనం, సరిపోని నిద్ర మామూలు కారణాలు. మందుల్లో రక్తపోటుకూ మైగ్రేన్‌కూ వాడే ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్, కొన్ని డిప్రెషన్ మందులు, వాటిని ఉన్నట్టుండి ఆపేయడం, పార్కిన్సన్ జబ్బు మందులు, ఉబ్బసానికీ అలర్జీకీ ఇచ్చే మాంటెలుకాస్ట్ కొందరిలో గాఢమైన పీడకలలు తెప్పిస్తాయి. కొత్త మందు మొదలైన తేదీ, కలలు మొదలైన తేదీ పక్కపక్కన రాసుకుంటే అనుమానం తేలికగా బయటపడుతుంది. అలాగని మందు సొంతంగా ఆపకూడదు. రాసిచ్చిన డాక్టరుకు చెబితే మోతాదు, వేళ, మందు మార్చే వీలుంటుంది.

కలను విప్పే పద్ధతి

మెలకువ రాగానే కదలకుండా, కళ్ళు తెరవకుండా ఒక నిమిషం పడుకుంటే కల తోక నుంచి తల దాకా తిరిగి దొరుకుతుంది. ఫోన్ చూస్తే చెదిరిపోతుంది. తర్వాత కాగితం మీద వర్తమాన కాలంలో రాయాలి: "వంటింట్లో ఉన్నాను, పిన్ని వస్తుంది" అన్నట్టు. అర్థం రాయకూడదు, జరిగింది మాత్రమే. ఆ కింద ఐదు సంగతులు విడిగా గుర్తు పెట్టాలి: ఎవరు అన్నారు, ఏ మాటలతో అన్నారు, ఎవరు మౌనంగా ఉన్నారు, జవాబు చెప్పగలిగారా, మెలకువ వచ్చిన క్షణంలో ఉన్న ఉద్వేగం ఏమిటి. పక్కన పడుకున్న వేళ, లేచిన వేళ, రాత్రి తిన్నదీ తాగిందీ, మందులు. సాయంత్రం కాస్త తీరిక చిక్కినప్పుడు నిన్నటి రోజుతోపాటు ఐదు నుంచి ఏడు రోజుల కిందటి సంగతులు.

ఈ ఐదింటిలో చాలామంది వదిలేసేది మౌనంగా ఉన్న మనిషిని. నింద వేసిన మేనత్త మీదే దృష్టి ఉంటుంది, మాట్లాడని అమ్మ మీద ఉండదు. చాలా కలల్లో అసలు నొప్పి అక్కడుంటుంది: అన్నవాళ్ళు అన్నారు, అండగా ఉండాల్సినవాళ్ళు ఎందుకు ఊరుకున్నారు? కోడళ్ళ కలల్లో అత్తగారు అరుస్తుంటే భర్త కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండడం ఇలాంటిదే. ఆ కల అత్తగారి గురించి కాకపోవచ్చు.

ఒక్క కలతో తీర్పు చెప్పకుండా రెండు మూడు వారాలు ఇలా రాయాలి. పది కలలు చేరాక మళ్ళీ మళ్ళీ వచ్చే ముఖం, గది, మాట ఏదో కనిపిస్తుంది. నేరం మారుతూ ఉద్వేగం మారకపోతే ఉద్వేగాన్నే పట్టుకోవాలి. నేరం మారకుండా మనుషులు మారుతుంటే ఆ నేరానికి సంబంధించిన పాత సంఘటన ఏదైనా ఉందా అని వెతకాలి. నింద వేసేది ఎప్పుడూ ఒకే మనిషి అయి, మెలకువలో ఆ మనిషితో సఖ్యంగానే ఉంటే, ఆ మనిషి ఎవరికి ప్రతినిధి అన్నది చూడాలి. గొంతు పెంచే పై అధికారికి కలలో నాన్న ముఖం రావడం అరుదేమీ కాదు. స్వప్నఫల పట్టికలు ఈ పనికి సరిపోకపోవడానికి కారణం ఇదే. "నింద పడితే కీర్తి" అనో, "నింద పడితే నష్టం" అనో అందరికీ ఒకే ఫలం రాస్తే, ఎవరి ఇల్లు ఎలాంటిదో ఆ పట్టికకు ఎలా తెలుస్తుంది?

పొరపాటు ఎక్కడ జరుగుతుంది?

మెలకువ వచ్చినంత మాత్రాన మెదడంతా ఒక్కసారిగా లేవదు. నిద్రమత్తు పదిహేను నిమిషాల నుంచి అరగంట వరకూ, కొందరిలో ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది. ఆ సమయంలో కలలోని కోపం ఇంకా పచ్చిగా ఉంటుంది, తూచి చూసే శక్తి ఇంకా కుదురుకోదు. అక్కకు ఫోన్ చేసి నిలదీయడం, గ్రూపులో మెసేజ్ పెట్టడం, పక్కన పడుకున్న భర్తతో ముభావంగా మారడం జరిగేది ఈ అరగంటలోనే. ముఖం కడుక్కుని, వెలుగులోకి వచ్చి, కాఫీ తాగేదాకా ఎవరికీ ఏ మాటా పంపకపోవడం చిన్న నియమమే, కానీ చాలా గొడవలను ఆపుతుంది.

ఈ నియమానికి ఆధారం ఉంది. డిలన్ సెల్టర్‌మన్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు రెండు వారాలపాటు తమ కలలనూ, జీవిత భాగస్వామితోనో ప్రేమించినవాళ్ళతోనో గడిచిన రోజునూ రాశారు. కలలో ఆ మనిషితో గొడవపడితే మర్నాడు నిజంగా గొడవ పెరిగింది. కల జోస్యం చెప్పిందని కాదు, కల మిగిల్చిన చేదుతో మనిషి రోజు మొదలుపెట్టాడన్నదే దగ్గరి వివరణ. అమ్మానాన్నలు, అత్తామామల విషయంలో ఇదే కొలత వర్తిస్తుందని ఆ అధ్యయనం చెప్పలేదు గానీ, దారి మాత్రం అదే. కలలో వేసిన నింద ఎదుటివాళ్ళు వేయలేదు. దాన్ని నమ్మి మర్నాడు వాళ్ళను అనుమానిస్తే, సాక్ష్యం లేకుండా దోషిని తేల్చే పని ఈసారి నిజంగా జరుగుతుంది, చేసేది కల కన్నవారు.

రెండో పొరపాటు ఎంచుకుని నమ్మడం. కేరీ మోర్‌వెడ్జ్, మైకేల్ నార్టన్ 2009లో ప్రచురించిన పరిశోధనలో అమెరికా, దక్షిణ కొరియాలతోపాటు భారత విద్యార్థులూ ఉన్నారు. కలలు దాగిన నిజాలను చూపుతాయని మూడు దేశాల్లోనూ ఎక్కువమంది నమ్మారు. అయితే అదే పరిశోధనలో, మనుషులు తమకు ముందే ఉన్న అభిప్రాయానికి సరిపడే కలలకే ఎక్కువ అర్థం ఇస్తారనీ తేలింది. ఇష్టం లేని ఆడపడుచు కలలో నింద వేస్తే "చూశావా, నా అనుమానం నిజమే" అనిపిస్తుంది. ప్రాణం పెట్టే అన్నయ్య అదే మాట అంటే "పిచ్చి కల" అనిపిస్తుంది. రెండు కలల బలమూ ఒక్కటే. పేరు మార్చి చూడడం మంచి పరీక్ష: ఇదే మాట ఇష్టమైన మనిషి నోట వచ్చి ఉంటే నమ్మేవాళ్ళమా?

ఇంట్లో ఏదైనా సంగతి నిజంగానే తేలాల్సి ఉంటే దాన్ని కల పేరెత్తకుండా, మెలకువలో జరిగిన దాని ఆధారంగానే మాట్లాడాలి. "నువ్వు నన్ను దొంగ అన్నట్టు కల వచ్చింది" అని మొదలుపెడితే ఎదుటి మనిషి చేయని పనికి సంజాయిషీ ఇవ్వాల్సి వస్తుంది. "పోయిన వారం డబ్బుల లెక్క అడిగినప్పుడు నాకు కాస్త కష్టమనిపించింది, కూర్చుని ఒకసారి చూద్దామా" అంటే చూపడానికి ఒక లెక్క ఉంటుంది, వినడానికి ఒక మనిషి ఉంటారు.

అదే కల మళ్ళీ మళ్ళీ వస్తుంటే

పదేపదే వచ్చే పీడకలకు బాగా పరీక్షించిన పద్ధతి ఒకటుంది. మెలకువలో కలను తిరగరాసి, కొత్త కథను మనసులో సాధన చేయడం. బ్యారీ క్రాకోవ్ బృందం 2001లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, లైంగిక దాడికి గురై పీడకలలతో బాధపడుతున్న 168 మంది మహిళలపై దీన్ని పరీక్షించారు. పద్ధతి నేర్చుకున్నవారిలో పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగైంది.

చేసే తీరు ఇలా ఉంటుంది. మొదట మరీ భయంకరం కాని కలను తీసుకోవాలి. క్లుప్తంగా రాయాలి. తర్వాత నచ్చిన చోట మార్చాలి. ఎలా మార్చాలన్న నియమం లేదు. గొలుసు దిండు కింద దొరకవచ్చు, అమ్మ ముందుకొచ్చి "నా బిడ్డ తీయదు" అనవచ్చు, మేనత్త మాట పూర్తికాకముందే గది పెరటి జామచెట్టుగా మారిపోవచ్చు. మార్చిన కథను మళ్ళీ మొదటినుంచి రాసి, రోజూ పగటిపూట పది నుంచి ఇరవై నిమిషాలు కళ్ళ ముందు ఆడించుకోవాలి. పాత కలను తలుచుకోకూడదు, కొత్తదాన్నే. వారానికి ఒకటి, మహా అయితే రెండు కలలకు మించి పెట్టుకోకూడదు.

పని చేయకపోతే సాధారణంగా కారణాలు ఇవి: కొత్త కథలో పగ తీర్చుకోవడం పెట్టడం, దాంతో కోపం ఇంకా రాజుకుంటుంది, పక్కమీద పడుకుని సాధన చేయడం, దాంతో మంచానికీ కలతకూ ముడిపడుతుంది, మూడు రోజులకే వదిలేయడం. మార్పు కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నిజంగా హింస అనుభవించినవాళ్ళు దీన్ని ఒంటరిగా మొదలుపెట్టకుండా సైకాలజిస్టు సాయంతో చేయడం మంచిది.

వైద్యుణ్ణి ఎప్పుడు కలవాలి?

వారానికి ఒకటి రెండుసార్లకు మించి పీడకలతో మెలకువ వస్తూ, నిద్రంటేనే భయం పట్టుకుంటే, పగటి పని దెబ్బతింటుంటే సైకియాట్రిస్టును కలవాలి. ఇంటివాళ్ళు కుట్ర చేస్తున్నారన్న నమ్మకం కలతో ఆగక మెలకువలోనూ గట్టిపడుతుంటే ఆలస్యం చేయకూడదు. యాభై దాటినవాళ్ళు కలలో వాదిస్తూ నిజంగానే అరవడం, చేతులు విసరడం, మంచం మీంచి పడిపోవడం చేస్తుంటే న్యూరాలజిస్టుకు చూపించాలి. రెమ్ దశలో కండరాలను సడలించే ఏర్పాటు దెబ్బతిన్నప్పుడు ఇలా జరుగుతుంది, కొందరిలో అది పార్కిన్సన్ జబ్బుకు తొలి సూచన కూడా. ఆస్పత్రిలో ఒక రాత్రి నిద్ర పరీక్ష చేసి నిర్ధారిస్తారు. పక్కన పడుకునేవాళ్ళు ఫోన్‌లో తీసిన వీడియో డాక్టరుకు బాగా ఉపయోగపడుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నింద కలలో మాత్రమే కాక ఇంట్లోనూ పడుతూ, దానితోపాటు కొట్టడమో, బెదిరించడమో, బయటికి వెళ్ళనీయకపోవడమో ఉన్న మహిళలకు 181 నంబరు ఉంది. ఎవరిని కలిసినా రెండు వారాల కలల కాగితం, వాడుతున్న మందుల పేర్లు, అవి మొదలైన తేదీలు తీసుకెళితే మొదటి సంప్రదింపులోనే చాలా సంగతులు తేలతాయి.